భయం సార్ కట్టిన ఐమూల వంతెన

మొన్న హుకుంపేట సంతలో ఒకాయన గోడలకు పోస్టర్లు అంటించడానికి మైదాపిండి ఉడికిస్తున్నాడు. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కూడా వేసినట్టున్నాడు. పులుపూ కమురూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే చిక్కుడుకాయల సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పసుపు కొమ్ములు అమ్ముకునే ఆవిడ “జరుగమ్మా, బేరాలకి అడ్డం” అని విసుక్కుంది. నాకు మాత్రం సంతా, జనమూ కనిపించడం మానేశాయి. ముతక చొక్కా జేబునిండా పాత పేపరు పట్టీలు కుక్కుకుని, ఎడమచేతి వేళ్లనిండా ఎండిపోయిన మైదా పేస్టుతో, రాతి అతుకుల మీద వంగి కళ్లు చికిలించి చూస్తున్న సన్యాసిరావు గారు కనిపించారు. ఇంటికొచ్చినా ఆ వాసన వదల్లేదు. ఆయన గురించి ఎప్పుడో ఒకప్పుడు రాయాలనుకుంటూనే ఉన్నాను, ఆ పని ఇవాళ చేస్తున్నాను.

ఆయన మా డిప్యూటీ ఇంజనీరు. నేను హుకుంపేట దగ్గర ఒక కొండదొర గిరిజనుల ఇంట్లో పుట్టి, ఇంజనీరింగు చదివి, మొదటి ఉద్యోగంగా ఆయన కింద చేరాను. ఆఫీసులో ఆయనకు ‘భయం సార్’ అని పేరు. చాటున అనేవారు, చనువున్నవాళ్లు ఎదురుగానే అనేవారు, ఆయన నవ్వేసేవారు. ఘాట్ రోడ్డులో పెద్ద మలుపు వస్తే జీపు ఆపించి దిగి నడిచేవారు. మెరుపు మెరిస్తే టీ గ్లాసు బల్ల మీద పెట్టేసేవారు. కొత్తలో నాకు తలకొట్టేసినట్టుండేది. కొండలూ లోయలూ నాకు ఇంటి వాకిలి, ఈయనేమో నా పైఅధికారి, నా పక్కన నడుస్తూ కంకరరాయి జారినా ఉలిక్కిపడతారు. ఇలాంటాయన దగ్గర ఏం నేర్చుకుంటానురా భగవంతుడా అనుకున్నాను. చేరిన రోజే ఆయన నన్ను కూర్చోబెట్టి, ఏ కాలేజీ, ఎన్ని మార్కులు అని అడగకుండా, “నీకు దేనికి భయమే గుంటా?” అన్నారు. దేనికీ లేదు సార్ అన్నాను గర్వంగా. “అయ్యో, అలాగైతే కష్టమే. సూద్దాంలే, నెమ్మది మీద వొస్తాది” అని ఓదార్చారు. నిజంగా నామీద జాలిపడ్డారు, వెటకారం కాదు.

పెదబయలు దాటి ముంచింగిపుట్టు వైపు పోతుంటే ఒక మట్టిరోడ్డు పక్కకు చీలి కొండ చాటుకు పోతుంది. దాని చివర ఒక ఊరు. మధ్యలో గెడ్డ, అంటే కొండవాగు. ఎండాకాలం మేకపిల్ల దాటుతుంది, వానలొస్తే మనుషులే రోజుల తరబడి అవతలే ఉండిపోవాలి. కాఫీ గింజలు, పసుపు, విస్తళ్లు కుట్టే అడ్డాకులు అన్నీ అవతలి గట్టున ముక్కిపోవాలి. ఆ గెడ్డ మీద వంతెన వేయాలి. పెద్ద లారీలు ఆ దారి ఎక్కవు కనుకా, నల్లరాయి అక్కడే కావలసినంత దొరుకుతుంది కనుకా రాతి ఆర్చి కట్టాలని నిర్ణయమైంది. చిక్కంతా రోడ్డు గెడ్డను సూటిగా దాటకపోవడంలో ఉంది. సూటిగా దాటించాలంటే ఇవతలి గట్టున జాకర దేవత రాళ్లు తీసేయాలి. ఊరివాళ్లు ఏటేటా అక్కడే మొక్కి విత్తనాలు చల్లుతారు. లేదంటే రోడ్డును వంతెనకు అటూ ఇటూ రెండు మలుపులు తిప్పాలి. పైఆఫీసు మలుపులు తిప్పేయమంది. సన్యాసిరావు గారు ఆ మలుపుల దగ్గర కాసేపు నిలబడి, లోడు జీపు అక్కడ తిరగడం ఊహించుకున్నారు కాబోలు, చెమట తుడుచుకుని, “వొద్దు. ఐమూలగా కట్టీద్దాం” అన్నారు. అంటే రోడ్డు ఎలా పోతే వంతెన అలాగే, గెడ్డకు ఏటవాలుగా పడి ఉంటుంది. జిల్లాలో అలాంటి రాతి ఆర్చి ఈమధ్య ఎవరూ కట్టలేదు. అంత భయస్తుడు అంత కష్టమైన దాన్ని ఎంచుకోవడమేమిటో నాకు అంతుపట్టలేదు.

ఐమూల ఆర్చి ఎందుకు కష్టమో నాకు ఆయన అరటిబోదెతో చెప్పారు. ఊళ్లోంచి ఒక బోదె తెప్పించి, నిలువునా చీల్చి, ఒక చెక్కను బోర్లించి, రెండు కొసలనూ కత్తిపీటతో ఏటవాలుగా కోశారు. గెడ్డ మీద బోర్లించిన ఆర్చి అదే అనుకోమన్నారు. తర్వాత బొగ్గు తీసుకుని ఒక అంచు దగ్గర మొదలుపెట్టి బోదె వీపు మీదుగా తిన్నగా అవతలికి గీత గీశారు. నడిమధ్యలో గీత హాయిగా అవతలి అంచుకు చేరింది. మూల దగ్గర గీసింది మాత్రం అవతలికి చేరకముందే కోసిన చివర నుంచి జారి నేల మీద పడింది. “ఇదిగో, సూడు. రాళ్ల వరసలు మామూలు కల్వర్టుకి పేర్చినట్టు పేర్చీసినామనుకో, బరువు ఇలాగే తిన్నగా నడుస్తాది. మద్దిలో పరవాలేదు. మూల కాడికొచ్చేసరికి ఎదరన గట్టు ఉండదు, గాలి ఉంటాది. అక్కడ బరువు ఏటి సేస్తాది మరి? గెడ్డలోకి దూకీస్తాది” అన్నారు. అందుకని రాళ్ల వరసలనే ఏటవాలుగా తిప్పుకుంటూ పోవాలి, అప్పుడు మూలల్లో బరువు కూడా రోడ్డు వెంటే నడిచి అవతలి గట్టు మీద కాలు పెడుతుంది. ప్రతి రాయీ కొంచెం మెలి తిరిగినట్టు చెక్కాలి. నాలుగేళ్ల చదువులో ఎక్కనిది ఆ బోదె ముక్కతో పూటలో ఎక్కింది. మిగిలిన బోదె వృథా పోకుండా మధ్యాహ్నం కూర వండించారు.

మేస్త్రీలు విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లు, చేయి తిరిగినవాళ్లు. పని మొదలయ్యాక రోజూ పొద్దున్నే అందరినీ గట్టు మీద నిలబెట్టి ఆయన ఒక్కటే ప్రశ్న అడిగేవారు. “ఈరోజు ఎవులికి దేనికి భయంగా ఉంది? సెప్పండి.” మొదట్లో మేస్త్రీలు ముఖాలు చూసుకుని ఇకిలించేవారు. పెద్ద మేస్త్రీ ఒకసారి “నాకు మా ఆవిడంటే భయం సార్” అన్నాడు. ఆయన నవ్వి, “అది మనం సరిసెయ్యలేం గానీ, ఇంకేటైనా ఉంటే సెప్పు” అన్నారు. ఎవరూ చెప్పకపోతే ఆయనే మొదలుపెట్టేవారు, నాకు ఆర్చి కింద ఆనించిన ఫలానా గుంజ అంటే భయం, ఫలానా రాయి గలగలా మోగుతోంది, తీసేయండి అని. కొన్నాళ్లకు ఒక మేస్త్రీ నసుగుతూ, నిన్న సాయంత్రం పెట్టిన వరస కొంచెం తిన్నగా పడినట్టుంది సార్, చీకటి పడుతుంటే తొందరలో పేర్చేశాం అన్నాడు. ఆయన ఆ వరస పీకించి మళ్లీ పెట్టించి, ఆ మేస్త్రీకి తన టిఫిను డబ్బాలోంచి ఉప్మా పెట్టారు. ఆ తర్వాత గట్టు మీద మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు.

ఒకరోజు మధ్యాహ్నం చోడి అంబలి, అదే రాగిజావ, తాగుతూ అడిగేశాను, ఇంత భయం ఎందుకు సార్ మీకు అని. చెప్పడం మొదలుపెట్టారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంకో కొండవాగు మీద ఇలాంటిదే ఐమూల ఆర్చి కట్టారట. రాళ్ల వరసలు తిన్నగా పేరుస్తున్నారు. అది తప్పేమోనని ఈయనకు అనుమానం. పైఅధికారి గట్టిమనిషి, నిబ్బరంగా ఉన్నాడు. చుట్టూ అందరూ నిబ్బరంగా ఉన్నారు. “మద్దిలో నానొక్కణ్నీ భయంగా ఉందీ అంటే ఏటనుకుంటారు అనీసి ఊరుకున్నాను. కింద గుంజలు తీసిన రోజున మూల ఊడిపడింది. ఒక మేస్త్రీ కాలు నలిగిపోనాది. బతికినాడు. కానీ మరి రాతిపని సెయ్యలేదు.” అంబలి పూర్తి చేసి గ్లాసు కడిగి పెట్టి, “అప్పుణ్నించీ భయం వొస్తే దాసుకోను. పైకి సెప్పీస్తాను. నవ్వుతారు, నవ్వనీ” అన్నారు. మళ్లీ ఐమూల ఆర్చి కట్టే అవకాశం ఆయనకు ఆ తర్వాత రాలేదట, రిటైరయ్యే ఏడాదిలో ఇది వచ్చింది. ఇది నిలబడితే ఆ మూల ఊడిపడడం తన గుండెల మీంచి దిగుతుందని ఆయన ఆశ. నాకు ఆ రోజు ఆయనంటే చెప్పలేనంత ఇష్టం కలిగింది.

ఆర్చి కట్టేటప్పుడు నడిమి రాళ్లు పడి మూతపడేదాకా దానికి సొంత బలం ఉండదు. బరువంతా కింద కట్టిన సెంట్రింగ్ మీదే, అంటే చెక్క దూలాలూ వాటిని మోసే నీలగిరి గుంజలూ. గుంజ అడుగున ఎదురెదురుగా జంట చెక్కలు దూర్చి బిగిస్తారు. మాకు గెడ్డలోనే గుంజలు నిలిపారు కనుక వానలు రాకముందే ఆర్చి మూసి అవి తీసేయాలి, లేకపోతే వరద గుంజలను ఊడ్చుకుపోతుంది, వాటితో పాటే ఆర్చీ పోతుంది. సన్యాసిరావు గారు మూలల కింద గుంజలు రెట్టింపు పెట్టించారు. ఇంత కలప దండగ అని పైవాళ్లు సణిగారు. ఆయన వినిపించుకోలేదు. పైగా ప్రతి రెండు రాళ్ల అతుకు మీదా పాత పేపరు పట్టీ మైదా పేస్టుతో అంటించేవారు. రాయి వెంట్రుకవాసి కదిలినా కాగితం చిరుగుతుంది. రోజూ పొద్దున్నా సాయంత్రం వాటిని చూసుకోవడమే ఆయన పూజ. మేకలు వచ్చి పట్టీలు నాకేసేవి, ఆయన కర్ర పట్టుకుని వాటి వెంట పడేవారు, మేస్త్రీలు పడీ పడీ నవ్వేవారు.

ఆర్చి మూయడానికి కొన్ని వరసలే మిగిలి ఉండగా ఇటుకల పండగ వచ్చింది. మా కొండల్లో చైత్రంలో వచ్చే పండగ అది. మగవాళ్లంతా వేటకు అడవెక్కుతారు. ఉత్తచేతులతో దిగితే ఆడవాళ్లు పేడనీళ్లు జల్లి ఏడిపిస్తారు. ఆడవాళ్లేమో రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, పాటలు పాడుతూ వచ్చేపోయే బళ్లను ఆపి పజోరు అడుగుతారు, అంటే పండగ ఖర్చుకు తలా కాస్త. ఇవ్వనిదే కర్ర లేవదు. చిన్నప్పుడు నేనూ ఆ కర్ర పట్టుకున్నదాన్నే. పండగకు కూలీలు రారు కనుక మేస్త్రీలూ ఇళ్లకు వెళ్లారు. మేమూ వెళ్లాలి, కానీ పట్టీలు ఒక్కసారి చూసుకుంటే గానీ ఆయనకు ముద్ద దిగదు. నన్ను వెంటబెట్టుకుని జీపులో బయలుదేరారు. ఊరి మలుపులో ఆడవాళ్ల గుంపు, రోడ్డుకు అడ్డంగా కర్ర. పాట మంచి ఊపు మీద ఉంది. నేను డబ్బులు తీస్తుంటే సన్యాసిరావు గారు కర్ర వంకే చూస్తున్నారు. ఆ కర్ర మీద, మా గుంజలకు ఎర్ర రంగుతో ఆయనే స్వయంగా వేసిన గుర్తుంది.

“అమ్మా, ఇదెక్కడిది?” అని అడిగారు. గుంపుకు పెద్ద కొండమ్మ. మేము గెడ్డ దగ్గర ఉన్నన్నాళ్లూ మాకు అంబలి కాచి పెట్టింది ఆవిడే. “గెడ్డ కాడ బోల్డున్నాయి కదా బాబూ! ఒకే కాడ అన్నన్ని గుంజలెందుకు, ఒకటి తెచ్చీసినాం. పండగైపోతే పెట్టీమా ఏటి?” అంది నవ్వుతూ. ఎలా తీశారు పెద్దమ్మా అన్నాను. “ఏటుందే, కింద చెక్క కాలితో తన్నితే వొచ్చీసింది. వొదులుగానే ఉన్నాది” అంది. అది విన్నాక సన్యాసిరావు గారు కేకలేస్తారని ఎదురుచూశాను. ఆయన ఆవిడ చేయి పట్టుకుని, “వొదులుగా ఉందా? తల్లీ, మళ్లీ సెప్పు, ఒక్క తన్నుకే వొచ్చీసిందా?” అని రెండోసారి అడిగి, పరుగెత్తారు. బిగించిన గుంజ తన్నితే రాదు. వచ్చిందంటే కింద ఇసుక కుంగింది. దాని పక్కవీ వదులయ్యే ఉంటాయి.

వెళ్లి చూస్తే అంతే. మూలన అతుకు మీద ఒక కాగితం సగం దాకా చిరిగింది. పక్కది ముడతపడింది. ఆ పక్కన ఉన్నవి బాగానే ఉన్నాయి. పండగ అయ్యేదాకా ఎవరూ రాకపోయి ఉంటే మూల మెల్లగా జారిపోయి ఉండేది. అవతల కొండ మీద మబ్బు కూడా పట్టింది. కొండమ్మా, మిగిలిన ఆడవాళ్లూ గుంజ భుజాన వేసుకుని మా వెనకే వచ్చారు, పాటలు లేవు. నేను ఆత్రంగా మూల కిందకు దూరబోతే ఆయన నా భుజం పట్టి వెనక్కి లాగారు. “నాకు చాలా భయంగా ఉంది. మూల కిందకి ఎవులూ ఎళ్లకూడదు. గట్టిగా ఉన్న గుంజల కాణ్నించీ మొదలెట్టి అటేపు పోదాం. ఒకటి బిగించడం, కాగితం సూడ్డం. ఒకటి బిగించడం, కాగితం సూడ్డం. ఎవులికైనా భయమేస్తే కేకెయ్యండి, ఆపీద్దాం.” మగవాళ్లు అడవిలో, మేస్త్రీలు పల్లంలో. ఉన్నది మేమూ, పండగ చీరల్లో ఉన్న ఆడవాళ్లూ. వాళ్లు గెడ్డలోంచి బల్లపరుపు రాళ్లు ఏరి వరసగా అందించారు. కుంగినచోట ఇసుక తోడి రాళ్లు పేర్చి, కొత్త పలక వేసి, చెక్కలు బిగించుకుంటూ పోయాం. ఆయన నాకు భయం, నాకు భయం అని పైకి చెబుతూనే ఉన్నారు. చెబుతూనే సుత్తి కొడుతున్నారు, ఒక్క దెబ్బా తప్పడం లేదు. మధ్యలో ఒకమ్మాయి “బాబూ, ఆపండి, నాకు భయమేస్తంది, ఇసక్కిందనించి నీరూరతన్నాది” అని కేకేసింది. ఆపాం. ఆ అమ్మాయి చూపిన చోట తవ్వి, నీరు పక్కకు మళ్లించి, మళ్లీ రాయి వేశాం. చివరకు కొండమ్మ తెచ్చిన గుంజ తన చోట తాను నిలబడింది. కొత్త కాగితం అంటించి, రాళ్ల మీద కూర్చుని చూస్తూ ఉన్నాం. వాన వచ్చింది, గెడ్డ మోకాలి లోతు పారింది, తగ్గింది. కాగితం తడిసింది గానీ చిరగలేదు.

“నీ వొంతెన నాను పడగొట్టీబోనాను కదా బాబూ” అని కొండమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. “పడగొట్టడమేటి? నువ్వు తన్నబట్టే తెలిసింది. నువ్వు తన్నకపోతే నానీపాటికి ఇంట్లో పులిహోర తింటన్నాను” అన్నారాయన. ఆవిడ ఏడుపులోంచే నవ్వి, వంతెన గనక పడిపోతే వేటకు పోయి ఉత్తచేతులతో వచ్చినట్టే లెక్క, పేడనీళ్లు నీ మీదే జల్లుతాం అని బెదిరించింది. జల్లించుకుంటానని ఒప్పుకున్నారు.

పండగ తర్వాత ఆర్చి మూతపడింది. సున్నం, సిమెంటు గట్టిపడేదాకా ఆగి, వానలు ఇంకా దిగకముందే గుంజలు తీసే రోజు పెట్టుకున్నాం. ఊరంతా వచ్చి గట్ల మీద కూర్చుంది. డప్పులవాళ్లు సిద్ధంగా ఉన్నారు. సన్యాసిరావు గారు కిందకు ఎవరినీ రానివ్వలేదు. చెక్కలకు తాళ్లు కట్టించి గట్టు మీంచే లాగించారు, అన్ని వైపులా కొంచెం కొంచెంగా. సెంట్రింగ్ ఆర్చి నుంచి విడివడింది. మధ్యలో సన్నటి సందు, అందులోంచి అవతలి వెలుతురు. రాళ్లు ఒక్కసారి మెల్లగా సర్దుకున్న చప్పుడైంది. అంతే, ఇంకేమీ జరగలేదు. మూలలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయన వెళ్లి ఒక్కో కాగితం చూసి వచ్చారు. తొందరపడలేదు, ఒక్కటీ వదల్లేదు. తిరిగి వచ్చి నా పక్కన రాతి మీద కూర్చుని, “అయిపోయిందే” అన్నారు. డప్పులు మోగాయి, ఆడవాళ్లు చేతులు కలిపి థింసా ఆట మొదలుపెట్టారు, పెద్ద మేస్త్రీ కూడా అందులో దూరి అడుగు తప్పి తిట్లు తిన్నాడు. ఆయనకు కల్లు ఇద్దామని చూస్తే, ఆ రాతి మీదే, మండుటెండలో, భుజం మీది తువ్వాలు తలకింద పెట్టుకుని సన్యాసిరావు గారు నిద్రపోతున్నారు. చెవి పక్కన డప్పు మోగుతున్నా కదల్లేదు. మేకపిల్ల వచ్చి జేబులో మిగిలిన పట్టీలు లాక్కుని తిన్నా కదల్లేదు. కొండమ్మ ఒక అడ్డాకుల కట్ట విప్పి ఆయన ముఖానికి ఎండ తగలకుండా అడ్డం పెట్టింది.

లేచాక అడిగాను, ఇంకా భయంగా ఉందా సార్ అని. ఆయన వంతెన వంక చూసి, “లేదే. మనం సూడవలసిందంతా సూసీసినాం. ఇక మీద మొయ్యడం దాని పని, పడుకోడం మన పని” అన్నారు. భయపడడం ఎంత శ్రద్ధగా నేర్పారో, దాన్ని దించుకోవడం కూడా అంతే శ్రద్ధగా నేర్పారని అప్పుడు నాకు తెలియదు. ఆ ఏడాది రిటైరయ్యారు. కొన్నేళ్ల తర్వాత వాళ్లమ్మాయి ఫోను చేసింది. మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారట, లేవలేదట. ఏడ్చాను. ఏడుస్తూనే, నిద్రలో పోయారు కదా అని మనసు తేలికపడింది.

ఇప్పుడు ఆయన కూర్చున్న కుర్చీలో నేనున్నాను. కొండ తొలిచే పనులూ, వంతెన పనులూ నా చేతుల మీదుగా పోతున్నాయి. ప్రతి పని దగ్గరా నా భయం నేనే ముందు పైకి చెబుతాను. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు కిసుక్కుమంటారు, నన్ను కూడా చాటున ఏదో పేరుతో పిలుస్తున్నారని తెలుసు. పోయిన వానాకాలం గెడ్డలన్నీ ఒక్కసారి పొంగిన సాయంత్రం మా అసిస్టెంటు ఇంజనీరు ఫోను చేశాడు. గొంతు ఆత్రంగా ఉంది. “మేడమ్, కొత్త వంతెన దగ్గరికి వెళ్లి కూర్చోమంటారా? కంగారుగా ఉంది.” మధ్యాహ్నం అన్నీ చూశావా అన్నాను. చూశానన్నాడు. ఏవేం చూశావో చెప్పించుకున్నాను. ఒక్కటీ వదల్లేదు. “అయితే అన్నం తిని పడుకో నాయనా” అన్నాను. ఫోను పెట్టేసి, కిటికీ అవతల వాన హోరున కురుస్తుంటే, దుప్పటి కప్పుకుని నేనూ పడుకున్నాను. మంచి నిద్ర పట్టింది.